టిల్టింగ్ మాడ్యూళ్లన్నింటినీ కాగితం మీద కనుక్కోవడం ఎలా?

మాడ్యూళ్ల వర్గీకరణ అనగానే చాలామంది నిర్వచనాలతో మొదలుపెట్టి అక్కడే అలసిపోతారు. ముందు ఒక బొమ్మ గీయండి: 1→2→3. మూడు బిందువులు, రెండు బాణాలు. ఇలాంటి బొమ్మకు గణితవేత్త పీటర్ గాబ్రియెల్ పెట్టిన పేరుకు అర్థం అమ్ములపొది. దీని మీద మాడ్యూల్ అంటే ప్రతి బిందువు దగ్గర ఒక సదిశాంతరాళం (vector space), ప్రతి బాణానికీ ఒక మాత్రిక.

మొదట, ఇంకా విడగొట్టడానికి వీలులేని మాడ్యూళ్లను రాసుకోండి. 1972 నాటి గాబ్రియెల్ సిద్ధాంతం ప్రకారం ఇక్కడ అవి ఆరే: 1, 2, 3, 12, 23, 123. ఉదాహరణకు 12లో మొదటి రెండు బిందువుల దగ్గర పరిమాణం 1, వాటి మధ్య బాణం మీద 1 అనే సంఖ్య, మూడో బిందువు దగ్గర సున్నా.

టిల్టింగ్ మాడ్యూల్ అంటే ఇక్కడ వీటిలో కొన్నిటిని కలిపి చేసిన మాడ్యూలు. బిందువులు మూడు కాబట్టి ఆరింటిలో మూడింటిని ఎంచుకోవాలి. షరతు ఒక్కటే: ఏ రెండూ ఒకదానికొకటి అతుక్కుని కొత్త మాడ్యూలు కాకూడదు.

అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడకండి. 1, 2 వేరువేరుగానే కనిపిస్తాయి. కానీ మధ్యలో బాణం ఉంది, దాని మీదుగా కలిసి 12 అవుతాయి. కాబట్టి అవి కలిసి ఉండరాదు. అలాగే 2తో 3, 1తో 23, 12తో 3 పొసగవు. 12, 23 కూడా అంతే: 2 దగ్గర ఒకదానిపై ఒకటి పడి, 123, 2 అనే జంటగా మారగలవు. ఒకదానిలో ఒకటి పూర్తిగా ఇమిడినా, మధ్యలో కనీసం ఒక బిందువు ఖాళీ ఉన్నా ఇబ్బంది లేదు. 1, 3 అందుకే కలుస్తాయి.

123 అన్నింటితోనూ పొసుగుతుంది. దాన్ని పక్కన పెట్టి, మిగిలిన అయిదింటిలో పొసిగే జంటలను గీతతో కలపండి: 1–3, 3–23, 23–2, 2–12, 12–1. చక్కని పంచభుజి వస్తుంది! మొదటిసారి గీసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. ఒక్కో భుజానికి 123ను చేర్చితే ఒక టిల్టింగ్ మాడ్యూల్. మొత్తం అయిదు.

బాణం దిశ మారిస్తే నియమం మారుతుంది: 1→2←3లో 12, 23 కలిసి ఉండగలవు. దిశ మార్చకుండా 1→2→3→4 ప్రయత్నించండి. విడగొట్టలేనివి పది, నాలుగేసి ఎంచుకోవాలి, జవాబు 14 రావాలి. 13 వస్తే 1, 34 లాంటి మధ్యలో ఖాళీ ఉన్న జంటల దగ్గర మళ్లీ చూడండి.