బడి బరువు బడిలోనే దించేయండి
టీచర్లకో చిన్న చిట్కా. సాయంత్రం గేటు దాటే ముందు డైరీ చివరి పేజీలో రెండే లైన్లు రాయండి: ఈరోజు మనసును గుచ్చింది ఒకటి, దానికి రేపు చేయగలిగింది ఒకటి. మొన్న నేను "వెనక బెంచీ పిల్లాడు మళ్లీ డబ్బా తెరవలేదు. రేపు వాళ్లమ్మకు ఫోన్" అని రాసి, డైరీని సొరుగులోనే పెట్టి తాళం వేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేట వచ్చేదాకా పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు తెరవను. రాత్రి పదింటికి హోంవర్క్ అడిగేవాళ్లు ఎలాగూ అడుగుతారు! వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం డైరీతో సరిపెట్టుకోకండి. 14416కి ఫోన్ చేయండి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.