ఉప్పు తగ్గించే కారంపొడి: కడపలో మా వంటింటి పద్ధతి

మా ఇంట్లో ఆయనకు బీపీ, అత్తకు షుగర్. అందుకే వచ్చినవాళ్లంతా మా పోపుల డబ్బా మీద సలహాలు చెప్పిపోతుంటారు. దాల్చినచెక్క నీళ్లు తాగమని ఒకరు, పరగడుపున పసుపు ఉండలు మింగమని ఇంకొకరు. నేను వాటి జోలికి పోను. నన్నడిగితే దినుసులతో ఖాయంగా దక్కే లాభం ఒకటే: అవి సరిగ్గా పడితే ఉప్పు తగ్గినా నోటికి చప్పగా అనిపించదు.

పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక టీస్పూనుకు లోపే. మన సీమ భోజనంలో ఊరగాయ, అప్పడం, పొడి మూడూ చేరితే ఇక లెక్కెక్కడుంటుంది! ముందు పొడిని దారికి తెచ్చుకుందాం.

ధనియాలు నాలుగు స్పూన్లు, జీలకర్ర ఒకటి, మిరియాలు అర, మెంతులు పావు. వీటిని సన్నసెగ మీద విడివిడిగా వేయించండి. అన్నీ ఒకేసారి వేస్తే ధనియాలు వేగేలోపు మెంతులు మాడి పొడంతా చేదెక్కుతుంది. ఎండుమిరపకాయలు ఆరు చాలు. బ్యాడిగి అయితే రంగొస్తుంది, ఘాటు తక్కువ. రెండు గుప్పెళ్ల కరివేపాకు కడిగి, నీడన తడి ఆరనిచ్చి, చుక్క నూనెలో గలగలలాడేదాకా వేయించాలి. కూరలో వేస్తే ఏరి పక్కన పెట్టేవాళ్లు పొడిలో ఏం ఏరుతారు? చిన్న ఉసిరికాయంత చింతపండు వేయండి. ఉప్పు లోటు తెలియనివ్వనిది ఈ పులుపే. ఉప్పు అర స్పూను. చివర్లో ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు పచ్చివే వేసి కచ్చాపచ్చాగా దంచండి.

మీ ఇంటి పొడిలో ఇప్పుడు రెండు స్పూన్ల ఉప్పు పడుతుంటే ఒక్కసారిగా అర స్పూనుకు దించొద్దు, ఇంట్లో గొడవలవుతాయి. పొడి చేసిన ప్రతిసారీ కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతే నాలుక సర్దుకుంటుంది. వేడి సంగటిలో ఈ పొడి, ఒక స్పూను చెనిక్కాయల నూనె వేసుకుంటే ఊరగాయ అడగరు. పప్పులోనూ అంతే: ఉప్పు తగ్గించి, దించాక నిమ్మకాయ పిండండి.

మెంతుల్లోని జిగురు పీచు తిన్న అన్నంలోని చక్కెర రక్తంలోకి నిదానంగా చేరేలా చేస్తుంది. కానీ షుగర్ ఉన్నవాళ్ల మీద చేసిన కొన్ని పరీక్షల్లో రోజుకు 25 గ్రాములు ఇచ్చారు. మన పోపులో పడేది చిటికెడు. దాన్ని నమ్ముకుని మాత్రలు మానేస్తామంటే కుదరదు, మా అత్తకూ అదే చెబుతాను.

పసుపుకు రంగునిచ్చే పదార్థం కుర్కుమిన్. పసుపులో అది ఉండేది నూటికి మూడు వంతులో ఏమో, అది కూడా ఒంటికి సరిగ్గా పట్టదు. మిరియాల్లోని పైపరిన్ తోడైతే బాగా పడుతుందని 1998లో ఒక పరిశోధన తేల్చింది. చారులో మిరియాలు, పసుపు, నూనె పోపు మనం ఎప్పటినుంచో కలిపి వేస్తున్నవే. కుర్కుమిన్ మాత్రల డబ్బాలు మాత్రం కొనకండి. అవి వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడగందే అసలు ముట్టుకోకూడదు. దాల్చినచెక్క నీళ్లదీ అదే దారి. అంగళ్లలో చవగ్గా దొరికే మందపాటి చెక్కలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ మోతాదు మించితే కాలేయానికి చేటు. బిర్యానీలో ఒక ముక్కకు భయం లేదు.

పసుపు మరీ మెరుస్తుంటే నాకు అనుమానం. రంగు కోసం సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలిపే మోసం ఉంది. మైదుకూరు, దువ్వూరు వైపు పసుపు పండిస్తారు కదా, అటువైపు ఎవరైనా తెలిసినవాళ్లుంటే కొమ్ములే తెప్పించుకుని, ఎండబెట్టి, మిల్లులో ఎదురుగా నిలబడి ఆడించుకోండి. కొమ్ములకూ రంగు పూస్తారు కాబట్టి ముందు తడి గుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు చిక్కగా పసుపు అంటితే ఆ సరుకు వద్దు.