నాలుగో రోజుకే ఆగిపోయే నడక: ఎక్కడ తేడా వస్తోంది?

సమస్య: మూడు రోజులు నడుస్తారు, నాలుగో రోజు మానేస్తారు.

కారణం: బద్ధకమని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. నా నడకను ఆపింది బూట్లు. అవి అలమర పై అరలో అట్టపెట్టెలో ఉండేవి, మేజోళ్లు ఇంకెక్కడో. అవన్నీ వెతికి తొడుక్కుని, బండి తీసి, పార్కుకు చేరి, అప్పుడు నడక. (నడవడానికి బండి మీద వెళ్లడమేమిటని చాలాకాలం నాకు తట్టనే లేదు.) అరగంట నడకకు అరగంట హడావిడి!

పరిష్కారం: బూట్లు, వాటిలోనే మేజోళ్లు, రాత్రే గుమ్మం పక్కన పెట్టండి. నడక ఇంటి గేటు దగ్గరే మొదలుపెట్టండి. మొదటి రెండు వారాలు వీధి చివరి దాకా వెళ్లి వస్తే చాలు. ఇంకా నడవాలనిపించినా వెనక్కి వచ్చేయండి. రేపటికి కాస్త ఆకలి మిగలనివ్వండి.

సమస్య: తీరిక దొరకడం లేదు.

కారణం: గంట ఖాళీ దొరికితేనే వ్యాయామం అనుకోవడం. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఓ మోస్తరు అంటే మాట్లాడగలరు గానీ పాట పాడలేరు. ఒకప్పుడు ఏకబిగిన పది నిమిషాలు చేస్తేనే లెక్కలోకి వచ్చేది. 2020లో ఆ షరతు ఎత్తేశారు.

పరిష్కారం: ఉన్న పనికే తగిలించండి. కుక్కర్ పెట్టాక వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి, మెల్లగా దించండి. దించేటప్పుడూ పిక్కలు పనిచేస్తాయి, అక్కడ తొందరపడకండి. మూడో విజిల్ వచ్చేసరికి పిక్కలు వెచ్చబడతాయి. టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. భోజనం కాగానే పది నిమిషాలు నడిస్తే, తిన్నాక పెరిగే చక్కెర కాస్త అదుపులో ఉంటుంది.

సమస్య: పదివేల అడుగులు పూర్తికాక నీరసం వస్తోంది.

కారణం: ఆ అంకె వైద్యులు గీసిన గీత అనుకోవడం. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరు 'మన్పోకే', అంటే పదివేల అడుగుల మీటరు. అంకె అక్కడి నుంచే ప్రచారంలోకి వచ్చింది.

పరిష్కారం: ఫోనులో మీ వారం సగటు చూసుకుని దానికి వెయ్యి కలపండి.

సమస్య: మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోతున్నారు.

కారణం: అలవాటు లేని బరువు. సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, ఈలోగా నెమ్మదిగా తిరుగుతూ ఉండండి. కీలు వాస్తే వైద్యుడికి చూపించండి. నడుస్తుంటే ఛాతీ బిగపట్టినట్లుంటే మాత్రం అక్కడే ఆగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

సమస్య: ఊళ్లో పెళ్లి, వారం తప్పింది.

కారణం: పెళ్లే.

పరిష్కారం: తప్పిన రోజులను వడ్డీతో కట్టబోకండి. రేపు వీధి చివరి దాకా వెళ్లి రండి.