చిన్న కోతతో కరోనరీ బైపాస్: మార్గాన్ని ఎంచుకునే విధానం

ముందుగా యాంజియోగ్రామ్ చూసి, ఏయే ధమనులకు బైపాస్ అవసరమో తేల్చుకోవాలి. కోత ఎక్కడ పెట్టాలన్నది ఆ తరువాతి ప్రశ్న. అడ్డంకి ఎల్‌ఏడీ (గుండె ముందువైపు కిందికి దిగే ప్రధాన ధమని)లో మాత్రమే ఉంటే, ఎడమవైపు నాలుగో లేదా ఐదో పక్కటెముకల సందులో 5 నుంచి 8 సెంటీమీటర్ల కోత పెట్టి, రొమ్ము ఎముకను కోయకుండానే ఛాతీ గోడ లోపలివైపున ఉండే ఎడమ మామరీ ధమనిని వేరుచేసి, కుట్టేచోటును కదలకుండా పట్టి ఉంచే స్టెబిలైజర్ సాయంతో, కొట్టుకుంటున్న గుండె మీదే దానిని ఎల్‌ఏడీకి కుట్టవచ్చు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1964లోనే లెనిన్‌గ్రాడ్‌లో సోవియట్ సర్జన్ కొలెసోవ్ ఎడమ ఛాతీ కోత ద్వారా మామరీ ధమనిని గుండె ధమనికి కలిపారు.

ఈ పద్ధతిలో సాధారణంగా ఎడమ ఊపిరితిత్తికి గాలి ఆపి, కుడిదానితోనే శ్వాస నడిపిస్తారు కాబట్టి, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఇది తగదు. ఎల్‌ఏడీ కండరంలో లోతుగా దాగి ఉన్నా, మామరీ ధమనికి రక్తం అందించే ఎడమ సబ్‌క్లేవియన్ ధమని సన్నబడినా, ఛాతీలో కణజాలాలు మునుపే అతుక్కుపోయి ఉన్నా పునరాలోచించాలి. రక్తపోటు నిలవని అత్యవసర రోగికి రొమ్ము ఎముక కోసే మార్గమే మేలు.

ఇతర ధమనుల్లోనూ అడ్డంకులుంటే, చిన్న కోతలోంచి అన్నిటినీ అందుకోవాలని పట్టుబట్టడం కన్నా, ఎల్‌ఏడీకి బైపాస్ చేసి, స్టెంట్‌కు అనువైన మిగతావాటికి స్టెంట్లు వేసే హైబ్రిడ్ పద్ధతి చాలాసార్లు వివేకవంతం. రోబో సాయంతో మామరీ ధమనిని వేరుచేస్తే పక్కటెముకలను విడదీసే ఒత్తిడి తగ్గుతుంది. ఏ మార్గమైనా, పెద్ద కోతకు మారే పరికరాలు, హార్ట్-లంగ్ యంత్రం సిద్ధంగా ఉంచుకోవాలి.