వాణిజ్య మంత్రిని సభలో అడగాలంటే: ప్రశ్న రాయడం నుంచి జవాబు రాబట్టడం దాకా

రొయ్య ధర కుప్పకూలినా, గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) పేరుకుపోయినా, బియ్యం ఎగుమతికి రాత్రికి రాత్రి తలుపులు మూసినా నియోజకవర్గం నుంచి ఎంపీకి వచ్చే మాట ఒక్కటే: ‘పార్లమెంటులో అడగండి సార్’. ఎంపీ అడుగుతారు. జవాబుగా రెండు పేజీల నిండా పథకాల పేర్లు వస్తాయి. రైతుకు కావలసిన అంకె గానీ తేదీ గానీ వాటిలో కనిపించదు. ఈ లోపం చాలాసార్లు ప్రశ్న రాసిన బల్ల దగ్గరే మొదలవుతుంది. అంకె, తేదీ చెప్పకుండా తప్పించుకోవడానికి వీల్లేకుండా రాయడమే అసలు పని. కొత్తగా ఎన్నికైన సభ్యులకు, వారి సిబ్బందికి, వారికి వివరాలు అందించే రైతు సంఘాలకు, ఎగుమతిదారుల సంఘాలకు ఉపయోగపడేలా ఆ పనిని ఇక్కడ వివరిస్తున్నాం.

ముందు ఏ శాఖో తేల్చుకోండి

ఒకే సరుకు మీద నాలుగు శాఖల పెత్తనం ఉంటుంది. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అంటే వాణిజ్య శాఖ. తర్వాతి నెలలో ఉప్పుడు బియ్యంపై 20 శాతం ఎగుమతి సుంకం వేసింది మాత్రం ఆర్థిక శాఖ. నిషేధం ఎప్పుడు తీస్తారని అప్పట్లో ఆర్థిక మంత్రిని అడిగినా, సుంకం ఎప్పుడు తగ్గిస్తారని వాణిజ్య మంత్రిని అడిగినా ఫలితం ఉండేది కాదు.

మిర్చి సంగతీ అంతే. స్పైసెస్ బోర్డు వాణిజ్య శాఖ కిందిది కాబట్టి ఎగుమతుల లెక్కలు అక్కడ దొరుకుతాయి. కానీ 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు రూ.11,781 చొప్పున ప్రకటించిన మార్కెట్ జోక్య పథకం వ్యవసాయ శాఖది. రొయ్యల చెరువు, మేత, సీడు మత్స్య శాఖ పరిధిలోకి వస్తాయి. రొయ్యల ఎగుమతి, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా), సరుకును తనిఖీ చేసే ఎగుమతి తనిఖీ మండలి వాణిజ్య శాఖ కిందికి వస్తాయి. గుంటూరులోని పొగాకు బోర్డు, నిజామాబాద్‌లోని జాతీయ పసుపు బోర్డు కూడా వాణిజ్య శాఖవే. చిన్న పరిశ్రమల రుణాలకు మరో శాఖ ఉంది. చెరువు గట్టు మీద కొనుగోలు ధర ఎందుకు పడిందని వాణిజ్య మంత్రిని అడిగితే ‘ఇది రాష్ట్ర పరిధి’ అన్న ఒక్క ముక్కతో ముగుస్తుంది. ఆయన పరిధిలో దానికి దగ్గరగా ఉన్నది ఎగుమతి యూనిట్ విలువ, అంటే కిలోకు ఓడలోకి ఎక్కించే నాటి ధర. అదే అడగండి.

శాఖ తప్పితే సభ సచివాలయం ఆ ప్రశ్నను సరైన శాఖకు బదిలీ చేస్తుంది. శాఖలను ఐదు బృందాలుగా విడదీసి, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కో బృందానికి ఒక్కో రోజు కేటాయిస్తారు. బదిలీతో రోజు మారిపోయిందంటే మీరు లెక్కేసుకున్న తేదీ చేజారినట్టే.

గడువులు, కోటాలు

లోక్‌సభలో కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ‘పూర్తి’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. నోటీసు ఇచ్చిన రోజును, జవాబు వచ్చే రోజును లెక్కలోకి తీసుకోరు. 31వ తేదీన జవాబు కావాలంటే 15వ తేదీకల్లా నోటీసు అందాలి. ఒక రోజుకు ఒక సభ్యుడు మొత్తం ఐదు నోటీసులు ఇవ్వవచ్చు. వాటిలో నక్షత్ర గుర్తుతో, అంటే సభలో నోటి జవాబు కోసం, జాబితాకెక్కేది ఒక్కటే. రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, లిఖిత జవాబు ప్రశ్నలు 230 దాకా ఉంటాయి. రాజ్యసభలో ఇవి 15, 160. ఎవరి ప్రశ్న ముందో లాటరీ తేలుస్తుంది. ప్రశ్నోత్తరాల గంటలో సాధారణంగా ఐదారు ప్రశ్నలకే వేళ చాలుతుంది కాబట్టి, జాబితాలో పదో స్థానం దాటితే లిఖిత జవాబుతోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది. అందుకే లెక్కలన్నీ ఐదు నోటీసుల్లో నక్షత్ర గుర్తు లేని వాటికి సర్దండి. మంత్రి నోటి వెంట రావాల్సిన నిర్ణయం ఏదైనా ఉంటే దానికి మాత్రమే నక్షత్రం పెట్టండి.

నోటీసును సభ్యులే స్వయంగా తమ లాగిన్‌తో పోర్టల్‌లో వేయాలి. పాస్‌వర్డ్‌ను సహాయకులకు, బయటివారికి ఇవ్వకూడదని 2023 చివర్లో లోక్‌సభ సచివాలయం స్పష్టంగా చెప్పింది. వాణిజ్య విషయాల్లో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. సుంకం ఒక శాతం మారితే ఎవరికో కోట్లు కలిసొస్తాయి. ప్రశ్నలకు డబ్బు తీసుకున్నారన్న వ్యవహారంలో 2005 డిసెంబరులో ఉభయ సభల నుంచి 11 మంది సభ్యులను బహిష్కరించారు. ఏ సంఘమైనా ముసాయిదా పంపితే వివరాలు తీసుకోండి, మీ ప్రశ్నను మాత్రం మీరే రాసుకోండి. ఆ సంఘం ఎవరి తరఫున మాట్లాడుతోందో కాగితం మీద రాసి పెట్టుకోండి.

ప్రశ్న రాయడం

పరిమితి 150 మాటలు. వాదన, వ్యంగ్యం, నింద, ఊహాజనిత పరిస్థితి, మంత్రి అభిప్రాయం కోరడం ఇవేవీ ఉండకూడదు. కోర్టు విచారణలో ఉన్నది, ఇదివరకే జవాబు వచ్చినది, అందరికీ దొరికే పత్రాల్లో ఉన్నది కూడా నిలవవు. వాణిజ్య ప్రశ్నలు ఎక్కువగా చివరి కారణం వల్లే తిరిగొస్తాయి. నెలనెలా ఎగుమతి లెక్కలు వాణిజ్య శాఖ డేటాబ్యాంకులో సరుకుల వారీగా, దేశాల వారీగా దొరుకుతాయి. ముందు అవి తీసి చూసుకోండి, వాటిలో లేనిది అడగండి. జవాబు పరిమితిలో ఇమడనంత పెద్ద విధానపు ప్రశ్న కూడా కుదరదు. ‘మన వాణిజ్య విధానం ఏమిటి’ అన్న ప్రశ్న అందుకే జాబితా దాకా రాదు.

అలవాటుగా రాసే పద్ధతి ఒకటుంది: ‘(ఎ) అమెరికా సుంకాల వల్ల రొయ్యల ఎగుమతులు దెబ్బతిన్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా, (బి) అయితే ఆ వివరాలేమిటి, (సి) తీసుకున్న చర్యలేమిటి?’ దీనిలో (ఎ)కి ‘లేదు’ అని రాస్తే (బి), (సి)లకు ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని రాసి ఊరుకోవచ్చు. ‘ఎ నుంచి సి వరకు’ అని మూడింటినీ కలిపి ఒకే పేరాలో పథకాలు ఏకరువు పెట్టడం ఇంకో దారి. ప్రతి భాగం తన కాళ్ల మీద తాను నిలబడేలా రాస్తే ఈ రెండు దారులూ మూసుకుపోతాయి. ఇలా:

(ఎ) 2022-23 నుంచి 2024-25 దాకా ఏటా, 2025 ఏప్రిల్ నుంచి నెలవారీగా అమెరికాకు ఎగుమతైన శీతలీకరించిన రొయ్యల (హెచ్‌ఎస్ 030617), ప్రాసెస్ చేసిన రొయ్య ఉత్పత్తుల (160521, 160529) పరిమాణం, రూపాయల్లో విలువ, డాలర్లలో విలువ, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా;

(బి) 2025 ఆగస్టు 27 నాటికి ఆ సరుకుపై అమెరికాలో పడే సుంకాలు, యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలతో సహా విడివిడిగా;

(సి) ఈ విషయమై ఎగుమతిదారుల నుంచి, రాష్ట్ర ప్రభుత్వాల నుంచి అందిన వినతుల తేదీలు, ఒక్కో కోరికపై తీసుకున్న నిర్ణయం;

(డి) ఇంకా నిర్ణయం కాని కోరికలు ఏ దశలో ఉన్నాయి, అవి తేలేందుకు పెట్టుకున్న గడువు.

హెచ్‌ఎస్ కోడ్లు అంటే సరుకు రకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్యలు. అవి ఎందుకంటే, పొడి అద్ది ప్యాక్ చేసిన రొయ్య 0306 కింద ఉండదు, 1605 కిందికి వెళుతుంది. ఒక్క కోడే రాస్తే ప్రాసెసింగ్ ప్లాంట్ల సరుకు చాలామటుకు లెక్కలోకి రాదు. మిర్చికి కూడా ఎండు కాయ 090421, కారం పొడి 090422 అని రెండూ రాయాలి. ఇక (బి)లోని యాంటీ డంపింగ్ సుంకం మామూలు ధరకన్నా చవకగా అమ్మిన సరుకుపై, కౌంటర్‌వెయిలింగ్ సుంకం సొంత ప్రభుత్వ సబ్సిడీ అందిన సరుకుపై వేసేవి.

పరిమాణం, రూపాయలు, డాలర్లు మూడూ అడగాలనడానికి కారణం లెక్కల్లోనే ఉంది. 2023-24లో దేశ సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు 17.81 లక్షల టన్నులు, రూ.60,523.89 కోట్లు, 738 కోట్ల డాలర్లు. 2024-25లో 16.98 లక్షల టన్నులు, రూ.62,408.45 కోట్లు, 745 కోట్ల డాలర్లు. రూపాయల్లో చూస్తే మూడు శాతం పెరిగాయి, డాలర్లలో ఒక్క శాతమే పెరిగాయి, బరువులో దాదాపు ఐదు శాతం తగ్గాయి. ఏ లెక్క అడగకపోతే ఆ లెక్క జవాబులోకి రాదు. మిగిలిన వాటిలో పెరిగినది ముందుకొస్తుంది, మీరు చెప్పదలచుకున్నది వెనక్కి పోతుంది.

రాష్ట్ర వాటా అంకెను జాగ్రత్తగా వాడండి. షిప్పింగ్ బిల్లులో ఎగుమతిదారు రాసిన మూల రాష్ట్రాన్ని బట్టి ఆ లెక్క కడతారు. బిల్లులో తప్పు పడితే రాష్ట్రం వాటా తప్పుగా తేలుతుంది.

వాణిజ్య ఒప్పందాల మీద అడిగితే ‘చర్చలు జరుగుతున్నాయి, వివరాలు చెప్పలేం’ అంటారు, ఆ అభ్యంతరం న్యాయమైనదే. బేరం పూర్తికాకముందే మన చేతిలోని పేకముక్కలు చూపించమని కోరకూడదు. కానీ ఎన్ని విడతల చర్చలు ఏ తేదీల్లో జరిగాయి, ఏయే రైతు, ఎగుమతిదారుల సంఘాలతో సంప్రదించారు, ఏ రాష్ట్రాల లిఖిత అభిప్రాయం తీసుకున్నారు అన్నవి బేరం రహస్యాలు కావు. అవి అడగండి.

సభలో

మీ ప్రశ్న సంఖ్య పిలవగానే మంత్రి ‘సమాధానం సభ ముందుంచాను’ అని కూర్చుంటారు. ఆ కాగితం మీకు సభకు కాస్త ముందే అందుతుంది. ఉన్న ఆ కొద్ది నిమిషాల్లో చేయాల్సింది ఒకటే: మీరు అడిగిన నాలుగు భాగాల్లో దేనికి జవాబు రాలేదో గీత గీయండి. మొదటి అనుబంధ ప్రశ్న, అంటే జవాబుపై అప్పటికప్పుడు అడిగేది, దానిమీదే వేయాలి. ప్రశ్న వేసిన వారికి సాధారణంగా రెండు అనుబంధ ప్రశ్నలు దొరుకుతాయి, తర్వాత ఇతర సభ్యులు అడుగుతారు. అదే సమస్య ఉన్న పక్క నియోజకవర్గం ఎంపీతో ముందే మాట్లాడుకుని, మిగిలిపోయిన భాగం ఆయన అడిగేలా చూసుకోండి. పార్టీ వేరైనా ఫర్వాలేదు, చెరువు నీటికి పార్టీ ఉండదు.

అనుబంధ ప్రశ్న రెండు వాక్యాలు దాటకూడదు. ఒకటి జవాబులోని అంకెను గుర్తు చేయాలి, రెండోది ఒకే ఒక విషయం అడగాలి. ‘జవాబులోని పట్టిక ప్రకారం సెప్టెంబరు నుంచి పరిమాణం తగ్గింది. ఎగుమతిదారులు కోరిన వడ్డీ రాయితీపై నిర్ణయం ఏ తేదీకల్లా వస్తుంది?’ అంతే. ముందు రైతుల కష్టాల మీద మూడు నిమిషాలు మాట్లాడితే స్పీకర్ ‘ప్రశ్న అడగండి’ అంటారు, ఆ తొందరలో అసలు మాట ఎగిరిపోతుంది. ఒకే అనుబంధ ప్రశ్నలో మూడు విషయాలు అడిగితే తేలికైన దానికి జవాబిచ్చి కూర్చుంటారు. తెలుగులో అడగవచ్చు, అనువాదం ఉంటుంది. కాకపోతే అంకెలను విడివిడిగా, నెమ్మదిగా చెప్పండి. హెడ్‌ఫోన్లో లక్ష కోటిగా వినిపించినా, 17 కాస్తా 70గా వినిపించినా మంత్రి జవాబు మరో దారి పడుతుంది.

ఆ తర్వాత

‘పరిశీలనలో ఉంది’, ‘సమాచారం సేకరించి సభ ముందుంచుతాం’ అన్న మాటలు హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ వాటి వెంటపడుతుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి. ‘వినతి అందింది’ అంటే మాత్రం హామీ కాదు. హామీ కింద లెక్కకొచ్చే మాట రాబట్టడానికే అనుబంధ ప్రశ్నలో ‘ఏ తేదీకల్లా’ అని గుచ్చి అడగాలి.

జవాబు చాలకపోతే లోక్‌సభలో 55వ నిబంధన కింద అరగంట చర్చకు మూడు రోజుల ముందు నోటీసు ఇవ్వవచ్చు, కారణాల వివరణ జతచేయాలి. మంత్రి చెప్పిన అంకెలోనే తప్పు ఉంటే స్పీకర్ ఆదేశాల్లోని 115వ ఆదేశం కింద రాతపూర్వకంగా చూపవచ్చు. ఆధారం కాగితం జత చేయనిదే దాని జోలికి పోవద్దు. వాణిజ్య శాఖ పనిని పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘంలో మీ పార్టీ సభ్యుడు ఉంటే జవాబు ప్రతిని వారికి ఇవ్వండి. అక్కడ అధికారులను గంటల తరబడి అడిగే వీలుంటుంది, సభలో అది దొరకదు.

ప్రతి ప్రశ్న సంఖ్య, తేదీ, జవాబు, రాని భాగం ఒక పుస్తకంలో రాసి పెట్టండి. తదుపరి సమావేశాల్లో ‘ఫలానా తేదీన ఫలానా సంఖ్య ప్రశ్నకు ఇచ్చిన జవాబులోని (డి) భాగానికి సంబంధించి’ అంటూ మొదలుపెట్టండి. అదే ప్రశ్నను తిరిగి అడిగారన్న కారణంతో తిప్పి పంపే అవకాశం అప్పుడు తగ్గుతుంది. జవాబు ప్రతిని, అడిగిన సంఘానికి వారంలోగా చేర్చండి. అందులో ఏ అంకె నేల మీది లెక్కతో కలవడం లేదో ముందుగా కనిపెట్టేది వాళ్లే.