కుక్కకు గుండె ఎకో తీయించడం ఎలా?

డాక్టర్ స్టెతస్కోపు పెట్టి "మర్మర్ వినిపిస్తోంది, ఎకో తీయించండి" అన్నారా? మర్మర్ అంటే గుండె చప్పుడుతో పాటు వినిపించే అదనపు శబ్దం, ఎకో అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్. కుక్క హుషారుగానే ఉంది కదా అని వాయిదా వేయకండి. హుషారుగా ఉన్నప్పుడు తీయించిన ఎకోతోనే ఎక్కువ ఉపయోగం. పమేరియన్, డాష్‌హండ్ లాంటి చిన్న జాతుల్లో వయసు పైబడ్డాక మైట్రల్ కవాటం (గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్య ఉండే తలుపు లాంటిది) మందమై లీకవుతుంది. డాబర్‌మన్, గ్రేట్ డేన్‌లలో గుండె కండరమే బలహీనపడుతుంది. గుండె ఎంత పెరిగిందో మర్మర్ వింటే తెలియదు, చూడాల్సిందే.

ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి, గుండెకు వాడే ప్రోబ్ (ఒంటికి ఆనించే స్కానింగ్ పరికరం), డాప్లర్ (రక్తం ఎటు, ఎంత వేగంగా పోతోందో చూపేది) ఉన్నాయో లేదో కనుక్కోండి. పొట్ట స్కానింగ్‌కు వాడే వెడల్పాటి ప్రోబ్‌తో పక్కటెముకల సందులోంచి గుండె సరిగ్గా కనబడదు.

ఈలోగా కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు శ్వాస లెక్కపెట్టండి. ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒకటి. నిమిషానికి 30 లోపు ఉండాలి. పదేపదే 30 దాటుతుంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.

పరీక్ష రోజు మందులు మీ అంతట మీరు ఆపొద్దు. సాధారణంగా మత్తు అక్కర్లేదు. బాగా బెదిరే కుక్కకు మాత్రం కొద్దిగా ఇస్తారు, అందుకే తిండి పెట్టాలా వద్దా అని ముందే అడగండి.

మోచేయి వెనక బొచ్చు గొరిగి, జెల్ రాసి, కుక్కను కుడి పక్కకు పడుకోబెడతారు. బల్లకు కోసిన ఖాళీలోంచి ప్రోబ్‌ను కింది నుంచి ఆనిస్తారు. అలా పడుకుంటే గుండె ఛాతీ గోడకు దగ్గరగా వస్తుంది, ఊపిరితిత్తుల్లోని గాలి అంతగా అడ్డురాదు. మీరు తల దగ్గర నిలబడి, చెవుల వెనక నిమురుతూ మెల్లగా మాట్లాడండి. ఆయాసపడుతున్న కుక్కను బలవంతంగా పడుకోబెట్టనివ్వకండి. ముందు ఆక్సిజన్ ఇవ్వాలి, ఎకో నిలబెట్టి కూడా తీయొచ్చు.

రిపోర్టులో ఎడమ కర్ణిక (గుండె పై గది) సైజుకూ బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) సైజుకూ ఉన్న నిష్పత్తి చూపించమనండి. 1.6 లేదా అంతకు మించితే కర్ణిక పెరిగినట్టే. మైట్రల్ లీకుతో కర్ణిక, ఎడమ జఠరిక (కింది గది) రెండూ పెరిగినా ఇంకా హార్ట్ ఫెయిల్యూర్ రాని కుక్కలకు పిమోబెండాన్ అనే గుండె మందు ఇస్తే, హార్ట్ ఫెయిల్యూర్ సుమారు 15 నెలలు ఆలస్యమైందని 2016లో వెలువడిన ఎపిక్ అధ్యయనం తేల్చింది. మీ కుక్క ఆ దశలో ఉందా అని సూటిగా అడగండి.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందో లేదో తేల్చడానికి ఎక్స్‌రే కూడా అడగొచ్చు. మళ్లీ ఎకో ఎప్పుడో రాయించుకుని, అప్పుడు ఈ రిపోర్టు వెంట తీసుకెళ్లండి.