భూకంపాన్ని తట్టుకునే ఇల్లు డిజైన్ చేయడం ఎలా?

2024 డిసెంబరు 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లోనూ తెలిసింది. ఆ వారమంతా నాకు ఫోన్లే: "సార్, మా ఇల్లు తట్టుకుంటుందా?" కట్టేశాక ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. అందుకే కట్టకముందు ఇంజినీరు ఏ వరుసలో ఆలోచిస్తాడో చెప్తాను. కింద పార్కింగ్, పైన రెండంతస్తులు ఉన్న మామూలు ఇల్లే అనుకుందాం.

1. స్థలం ఏ జోన్‌లో ఉందో చూడండి

భూకంప ముప్పును బట్టి దేశాన్ని జోన్లుగా విడగొట్టారు, అంకె పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ. భూకంప డిజైన్‌కు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 1893 కోడ్ 2016 ప్రతి ప్రకారం హైదరాబాద్ రెండో జోన్. విజయవాడ, ఒంగోలు మూడో జోన్. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతాలు గట్టిగానే అదిరాయి. జోన్‌తో పాటు మట్టి కూడా ముఖ్యం. మెత్తటి నేల ఊపును పెంచుతుంది. సాయిల్ టెస్ట్ ఖర్చుకు వెనకాడొద్దు.

2. ప్లాన్ సాదాగా ఉంచండి

దీర్ఘచతురస్రమైతే మేలు. ప్రతి పిల్లరూ పునాది నుంచి పై స్లాబ్ దాకా ఒకే నిలువులో రావాలి. హాల్‌కు అడ్డమని కింద పిల్లర్ తీసేసి, పైన బీమ్ మీద నుంచి లేపమంటే ఒప్పుకోను.

అసలు ప్రమాదం పార్కింగ్ దగ్గర. 2001 జనవరి 26న భుజ్‌లో భూకంపం వస్తే, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద గోడల్లేని పార్కింగే. పై అంతస్తులకు ఇటుక గోడల బిగువు ఉంటుంది. కింద ఉత్త పిల్లర్లు, కాబట్టి ఊపంతా వాటి మీదే పడుతుంది. మీకు పార్కింగ్ కావాలంటే అక్కడ పునాది నుంచి పైదాకా కొన్ని కాంక్రీట్ గోడలు పెట్టించండి.

3. పక్కకు తోసే బలం లెక్కించండి

భూకంపం ఇంటిని పక్కకు తోస్తుంది. ఇల్లు ఎంత బరువుంటే ఆ తోపు అంత ఎక్కువ. మన ఇంటి బరువు 400 టన్నులు అనుకుందాం. మూడో జోన్‌లో, వంగకుండా బిర్రుగా నిలబడాలంటే దాదాపు 80 టన్నుల తోపును తట్టుకోవాలి. కానీ కోడ్ ప్రకారం 16 టన్నులకే డిజైన్ చేస్తాం. అంటే అయిదో వంతుకు! మోసమేమీ లేదు. గట్టి భూకంపంలో ఇల్లు పగుళ్లిస్తుంది, వంగుతుంది. కూలకూడదు, లోపలివాళ్లు బయటపడాలి, అంతే. ఆ వంగే గుణం నిజంగా ఉంటేనే ఈ రాయితీ చెల్లుతుంది.

4. ముందు వంగేది బీమ్ అయ్యేలా చూడండి

బీమ్ దెబ్బతింటే నష్టం ఆ గదితో ఆగొచ్చు. పిల్లర్ పోతే పైనున్నదంతా కిందికొస్తుంది. అందుకే కాంక్రీట్ ఇళ్లలో కడ్డీలు ఎలా కట్టాలో చెప్పే ఐఎస్ 13920 కోడ్, బీమ్‌లు, పిల్లర్లు కలిసే చోట పిల్లర్ల బలం బీమ్‌ల బలానికి కనీసం 1.4 రెట్లు ఉండాలంటుంది.

5. రింగులు చూడండి

రాయితీ నిలబడేది ఇక్కడే. పిల్లర్ కడ్డీల చుట్టూ కట్టే రింగు కొసను 135 డిగ్రీలు వంచి, తోక పిల్లర్ లోపలికి వెళ్లేలా చేయాలి. 8 మి.మీ. రింగుకు తోక 65 మి.మీ. ఉండాలి. 90 డిగ్రీలు వంచితే తోక పైపై కాంక్రీట్‌లోనే ఉండిపోతుంది. ఊపుకు ఆ పొర రాలగానే రింగు విచ్చుకుంటుంది, నిలువు కడ్డీలు పక్కకు ఉబ్బుతాయి. పిల్లర్ రెండు కొసల దగ్గర రింగుల మధ్య దూరం 100 మి.మీ. దాటకూడదు. పిల్లర్ సన్నగా ఉంటే ఇంకా తక్కువ.

90 అయితే కడ్డీలకు ఎక్కించడం సులువు. ఒక సైట్‌లో అలా కట్టిన రింగులన్నీ విప్పించాను. మేస్త్రీకి కోపమొచ్చింది. "ఇరవై ఏళ్ల నుంచి ఇట్లనే కడుతున్నం సార్, ఒక్కటీ పడలే" అన్నాడు.

"భూకంపం రాలేదు కాబట్టి పడలేదు" అన్నాను.

ఇంకో చోటు కూడా చూడాలి. బీమ్, పిల్లర్ కలిసే జాయింట్ లోపల రింగులు కట్టడం కష్టం, అందుకే మేస్త్రీలు వదిలేస్తుంటారు. స్లాబ్ పోసే ముందురోజే టార్చ్ పట్టుకుని ప్రతి జాయింట్‌లోకీ తొంగిచూసి, రింగులు లెక్కపెట్టి, ఫొటో తీసుకోండి. కాంక్రీట్ పడ్డాక ఇక కనపడవు.